గియోన్ మత్సురికి ఏ రోజు వెళ్లాలి, శాకాహారులు అక్కడ ఏం తినగలరు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఒసాకాలో ఉంటున్నారు. జూలైలో అత్తగారు, మామగారు ఇండియా నుంచి వస్తున్నారు. వాళ్లనూ ఏడేళ్ల బాబునూ క్యోటోలో జరిగే గియోన్ మత్సురికి తీసుకెళ్లాలి. నెలంతా జరుగుతుందంటున్నారు కాబట్టి ఏ రోజు వెళ్లాలో తెలియడం లేదు. అత్తగారు గుడ్డు కూడా ముట్టరు, మీవారు చేపలు తింటారు. యుకాతా (పలచటి వేసవి కిమోనో) వేసుకుంటే బాగుంటుందా అని కూడా అడిగారు. బాబు తకోయాకి (ఆక్టోపస్ ముక్క పెట్టి చేసే గుండ్రటి పొంగనం లాంటిది) కావాలంటున్నాడు, అది శాకాహారంగా ఇంట్లో చేయొచ్చా అన్నది చివరి ప్రశ్న.

ముందు జవాబు. బండ్ల తిండి, దీపాలు, సందడి కావాలంటే జూలై 15 సాయంత్రం వెళ్లండి. రథాలను తీరిగ్గా చూడాలంటే జూలై 24 ఉదయం వెళ్లండి. రెండూ వేర్వేరు రోజులుగా పెట్టుకోండి. జూలై 16 రాత్రి, 17 ఉదయం మాత్రం పెద్దవాళ్లతో వద్దు. ఫొటోల్లో ఎక్కువగా కనిపించేవి ఆ రెండు రోజులే, జనం విరగబడేదీ ఆ రెండు రోజులే. ఇక తిండి సంగతి: బండ్ల మీద కనిపించే కారపు వంటకాల్లో దాదాపు ఏదీ మీ అత్తగారికి పనికిరాదు, తీపివి చాలావరకు పనికొస్తాయి. కాబట్టి కడుపు నింపే భోజనం ఇంటి నుంచే పట్టుకెళ్లాలి. పులిహోర డబ్బా అన్నిటికన్నా మేలు. ఆ ఎండకు పెరుగన్నం పులిసిపోతుంది.

ఈ పండుగ ఏమిటంటే

ఇది యసాకా మందిరం పండుగ. 869లో దేశమంతా అంటురోగాలు ప్రబలినప్పుడు, ఆనాటి 66 రాష్ట్రాలకు గుర్తుగా 66 ఈటెలు నిలబెట్టి, రోగాలు తెచ్చే దేవతలను శాంతింపజేయడంతో మొదలైందని చెబుతారు. అప్పటి ప్రధాన దైవం గోజు తెన్నో. ఆయనను శ్రావస్తిలోని జేతవన విహారానికి కాపలా దేవుడిగా కొలిచేవారు. కలరా, మశూచి రోజుల్లో మన ఊళ్లలో అమ్మవారికి జాతర చేసినట్టే అనుకోండి, మీ అత్తగారికి ఒక్క ముక్కలో అర్థమవుతుంది.

ఆ ఈటెలే కాలక్రమంలో ఇప్పటి రథాలయ్యాయి. ఇప్పుడు మొత్తం 34 ఉన్నాయి. 17న వెళ్లే సకి మత్సురి (ముందరి పండుగ)లో 23, 24న వెళ్లే అతో మత్సురి (తర్వాతి పండుగ)లో 11. పెద్దవాటిని హోకో అంటారు. కొన్ని శిఖరంతో కలిపి 25 మీటర్ల దాకా ఎత్తుంటాయి, బరువు 12 టన్నుల దాకా ఉంటుంది. చిన్నవి యామ. ఒక్కో రథం ఒక్కో వీధివాళ్లది. మందిరం వాళ్లదీ కాదు, నగరపాలక సంస్థదీ కాదు. 1533లో షోగునేటు, అంటే ఆనాటి సైనిక ప్రభుత్వం, మందిర ఉత్సవాన్ని ఆపించినప్పుడు, పూజ లేకపోయినా సరే రథాలు మాత్రం కదలాలని వీధులవాళ్లు పట్టుబట్టారు. ఆ పట్టుదల ఇప్పటికీ చూడొచ్చు. 1864 అగ్నిప్రమాదంలో కాలిపోయిన ఓఫునె హోకో 150 ఏళ్ల తర్వాత 2014లో తిరిగి ఊరేగింపుకొచ్చింది. 1826 తర్వాత ఆగిపోయిన తకా యామ 2022లో మళ్లీ వచ్చింది.

ఏ రోజు ఏం జరుగుతుంది

జూలై 1 నుంచి 31 వరకు రోజూ ఏదో ఒకటి ఉంటుంది. మీకు పనికొచ్చేవి ఇవి.

10 నుంచి షిజో వీధిలోనూ పక్క సందుల్లోనూ రథాలు కడతారు. ఇది చాలామంది పట్టించుకోరు, నా ఉద్దేశంలో పండుగ మొత్తంలో చూడదగ్గ పనితనం ఇదే. చట్రానికి మేకు వాడరు. గడ్డితాళ్లతోనే బిగిస్తారు. కీలు దగ్గర తాడు వరసలు ఎంత పద్ధతిగా పడతాయంటే, కట్టు పూర్తయ్యాక అది ముగ్గులా కనిపిస్తుంది. మేకు కొడితే చట్రం బిర్రబిగుసుకుపోయి, చక్రం కుదుపుకి కొయ్య పగులుతుంది. తాడైతే ఆ కుదుపును తనలోకి తీసుకుంటుంది.

12 మధ్యాహ్నం హికిజొమె. కట్టిన హోకోలను పరీక్షగా కాస్త దూరం లాగే రోజిది. నగినాత, కాంకో, నివతోరి, కికుసుయి, త్సుకి హోకోలు ఆ రోజు కదులుతాయి. ఇందులో దారిన పోయేవాళ్లు కూడా తాడు పట్టుకోవచ్చు, ఆడవాళ్లు, పిల్లలు అందరూ. అసలు ఊరేగింపులో ఆ అవకాశం ఉండదు. బాబుకు రథం తాడు లాగిన సంబరం దక్కాలంటే ఇదొక్కటే దారి. అరగంట ముందు వెళ్లి రథానికి ముందువైపు నిలబడండి. అతో మత్సురి రథాలకు ఇదే 20వ తేదీ మధ్యాహ్నం ఉంటుంది, అక్కడ జనం తక్కువ.

14, 15, 16 సాయంత్రాలు యోయియామ, అంటే ఊరేగింపుకు ముందు రాత్రులు. రథాల ముందు కాగితపు లాంతర్లు దొంతరలుగా వెలుగుతాయి. పైన కూర్చున్నవాళ్లు కంచు గంట, డోలు, వేణువు వాయిస్తారు. ఆ వాయిద్యాన్ని క్యోటోవాళ్లు "కోన్ చికి చిన్" అని నోటితో పలుకుతారు. 14న బండ్లు ఉండవు, వాహనాలు తిరుగుతూనే ఉంటాయి. 15, 16 తేదీల్లో మాత్రం సాయంత్రం 6 నుంచి షిజో, కరసుమ వీధుల్లో వాహనాలు ఆపేస్తారు, బండ్లు బారులు తీరుతాయి. షిన్‌మాచి, మురోమాచి సందుల్లో పాత వర్తకుల ఇళ్లవాళ్లు వీధి తలుపులు తెరిచి, తరతరాల నాటి మడత తెరలను బయటివాళ్లకు చూపిస్తారు. బండ్ల మోజులో వీటిని వదిలేయకండి.

17 ఉదయం 9కి సకి మత్సురి ఊరేగింపు షిజో కరసుమ కూడలి నుంచి బయల్దేరుతుంది. నగినాత హోకో ఎప్పుడూ ముందుంటుంది, చాలా రథాల వరస చీటీలు తీసి తేలుస్తారు. 24 ఉదయం 9:30కి అతో మత్సురి ఊరేగింపు కరసుమ ఓయికె నుంచి ఎదురు దిశలో వస్తుంది. అతో మత్సురి ముందు రాత్రుల్లో, అంటే 21 నుంచి 23 వరకు, బండ్లు ఉండవు. కాబట్టి వీధులు ప్రశాంతంగా ఉంటాయి, రథం పక్కనే నిలబడి తివాచీ నేత దాకా చూడొచ్చు.

ఆ తివాచీల గురించి మన పాఠకులకు చెప్పాల్సింది ఒకటుంది. రథాల చుట్టూ వేలాడే గుడ్డల్లో 16వ శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రనేతలున్నాయి. కాంకో హోకో ముందు వేలాడేదాని మీద బైబిల్ కథ ఉంటుంది. వాటితోపాటు పర్షియా, చైనా, భారతదేశపు నేతలూ ఉన్నాయి. 17, 18 శతాబ్దాల తివాచీల్లో కొన్నిటిని దక్కన్ నేతగా పరిశోధకులు గుర్తించారు. మినామి కన్నోన్ యామ దగ్గర 1684 నాటి భారతీయ అద్దకపు నూలుగుడ్డ ఉంది. ఆ రోజుల్లో జపానుతో వ్యాపారం చేయడానికి అనుమతి ఉన్న యూరపువాళ్లు డచ్చివాళ్లొక్కరే. మచిలీపట్నంలో వాళ్ల వర్తక స్థావరం ఉండేది, కోరమండల్ తీరపు అద్దకం గుడ్డలు వాళ్ల ఓడల్లోనే నాగసాకి చేరేవి. మామగారికి చరిత్ర మీద ఆసక్తి ఉంటే అతో మత్సురి వైపు వెళ్లాలనడానికి ఇదొక్కటే చాలు.

ఎక్కడ నిలబడాలి

రథం తొంభై డిగ్రీలు మలుపు తిరగడమే ఊరేగింపులో అసలు ఘట్టం. దాన్ని త్సుజిమవాషి అంటారు. హోకో చక్రాలు పక్కకు తిరగవు, వాటికి స్టీరింగు లాంటిదేమీ లేదు. అందుకని చీల్చిన వెదురు బద్దలను చక్రాల కింద పరిచి, వాటి మీద నీళ్లు కొట్టి, తాళ్లను పక్కకు తిప్పి లాగుతారు. రథం ముందు నిలబడ్డవాళ్లు విసనకర్రలు విసిరి "ఎన్‌యారాయా" అనగానే చక్రాలు వెదురు మీద జారి రథం కొంత తిరుగుతుంది. ఒక్క లాగుడుకు పూర్తి మలుపు రాదు. మూడు నాలుగు సార్లు బద్దలు సర్ది మళ్లీ లాగుతారు. షిజో కవరామాచి కూడలిలో ఇది చూడాలంటే చాలా ముందు నుంచే నిలబడాలి, నీడ ఉండదు. కవరామాచి ఓయికె కూడలిలో వీధి వెడల్పు, ఊపిరాడుతుంది. పెద్దవాళ్లకు ఓయికె వీధిలో డబ్బు కట్టి కూర్చునే కుర్చీలు ఉంటాయి, ముందే కొనాలి. ఆ కుర్చీల మీద పందిరి ఉండదు. గొడుగు తెరిస్తే వెనకవాళ్లకు అడ్డం, కాబట్టి అంచు వెడల్పున్న టోపీలు, తడి తువ్వాళ్లు తీసుకెళ్లండి.

వాన పడినా ఊరేగింపు ఆగదు. రథాలకు ప్లాస్టిక్ కప్పుతారు, ఆ నేతలు సరిగా కనబడవు. వానాకాలం సాధారణంగా ఆ రోజుల్లోనే ముగుస్తుంది, అందుకే 24కి ఎండ కాసే అవకాశం కాస్త ఎక్కువ.

ఒసాకా ఉమెదా నుంచి హాంక్యూ రైల్లో కరసుమ స్టేషను ముప్పావు గంట. 15 సాయంత్రం ఆ స్టేషన్లో దిగితే నేరుగా గుంపులోనే తేలతారు. ఒక స్టేషను ముందే ఓమియాలో దిగి తూర్పుకు నడవండి, అయితే అక్కడ అన్ని రైళ్లూ ఆగవు, ముందే చూసుకోండి. సిటీ బస్సుల జోలికి పోవద్దు, దారులు మళ్లిస్తారు. సన్నటి సందుల్లో నడక ఒకే దిశలో సాగనిస్తారు, వెనక్కు తిరగడం కుదరదు. అందుకని బాబు చెయ్యి వదలకుండా, కలుసుకునే చోటు ముందే అనుకోండి. షిజో వీధిలో దైమారు డిపార్ట్‌మెంట్ స్టోరు ఉంది. చల్లదనం, టాయిలెట్లు, కాసేపు కూర్చునే చోటు, మూడూ అక్కడ దొరుకుతాయి. రాత్రి దాకా తెరిచి ఉండదు, కాబట్టి చీకటి పడకముందే వాడుకోండి. 5 గంటలకు చేరి, వెలుతురు ఉండగా రథాలు చూసి, దీపాలు వెలిగాక ఒక గంట తిరిగి, 8కల్లా రైలెక్కేయండి.

బండ్ల మీద ఏం తినొచ్చు, ఏం తినకూడదు

శాకాహారికి చిక్కు మాంసం ముక్కల్లో కాదు, అవి కంటికి కనబడతాయి. చిక్కంతా దాషిలో ఉంది. ఎండబెట్టి పొగబెట్టిన బోనిటో చేపను తురిమి తీసిన రసమది. పిండిలో, సాసులో, ఊరగాయ నీళ్లలో ఎక్కడైనా ఉంటుంది, కంటికి కనబడదు.

పూర్తిగా పక్కన పెట్టాల్సినవి: తకోయాకి (లోపల ఆక్టోపస్, పిండిలో దాషి), ఒకొనోమియాకి (క్యాబేజీ వేసిన మందపాటి అట్టు), దాన్నే పుల్లకు చుట్టి ఇచ్చే హాషిమాకి, యాకిసోబా (వేయించిన నూడుల్స్), ఇకాయాకి (స్క్విడ్), కరాగె (వేయించిన కోడి). యాకిసోబా నుంచి మాంసం తీసేయమంటే చాలదు. అదే పెనం మీద పంది కొవ్వు కరిగి ఉంటుంది, సాసులో చేప, మాంసపు సారాలు ఉండొచ్చు. బంగాళదుంప ఫ్రైస్ కూడా తరచు కరాగె వేగిన నూనెలోనే వేస్తారు.

మీ అత్తగారికి నిశ్చింతగా ఇవ్వగలిగినవి:

జాగబటా, అంటే ఉడికించిన బంగాళదుంప మీద వెన్న. పక్కన గిన్నెల్లో చేపగుడ్లు, స్క్విడ్ ఊరగాయ ఉంటాయి, ఆ చెంచాలు ఇందులో పడకుండా చూసుకోండి. కాల్చిన మొక్కజొన్న కండె, పైన సోయా సాసు పూస్తారు. కొందరు దాషి కలిపిన రెడీమేడ్ సాసు పూస్తారు కాబట్టి అడగాలి. పుల్లకు గుచ్చిన చల్లటి పైనాపిల్ ముక్క, పీచుమిఠాయి సరే. రింగో అమె, అంటే ఎర్రటి పాకం గట్టిగా పట్టించిన ఆపిల్, ఇది కూడా సరే. ఇందులో జిలెటిన్ ఉండదు, చక్కెర పాకమే. కాని ఆ తేమలో రెండు మూడు గంటలకే పాకం చెమర్చి కవరుకు అంటుకుపోతుంది. బాబు ముందరి పళ్లు ఊడే వయసు కాబట్టి కొరకనివ్వకండి. ఇంటికి తెచ్చి కత్తితో ముక్కలు చేయండి, లేదా చిన్న ద్రాక్ష, స్ట్రాబెర్రీ పాకం పుల్లలు కొనండి.

కకిగోరి, అంటే తురిమిన మంచు మీద రంగు పాకం, ఎండకు దీన్ని మించింది లేదు. రంగులు వేరైనా తీపి దాదాపు ఒకటే, తేడా అంతా వాసనలోనే. కొన్ని ఎర్ర రంగుల్లో కొచినీల్ అనే పురుగు రంగు వాడతారు. అత్తగారికి ఆ పట్టింపు ఉంటే ఆకుపచ్చ మెలన్, లేదా మచ్చా (గ్రీన్ టీ పొడి), ఎర్ర అజుకి గింజల తీపి ముద్ద వేసిన ఉజి కింతోకి తీసుకోండి.

బేబీ కాస్టెలా అనే చిన్న కేకుల్లో గుడ్డు తప్పకుండా ఉంటుంది, చేప ఆకారపు తైయాకి పిండిలో కూడా తరచు ఉంటుంది. మీకు, బాబుకు సరే, అత్తగారికి కాదు.

ఇక పుల్లకు గుచ్చి మంచులో పెట్టిన దోసకాయ. చూడ్డానికి ఇంతకన్నా శాకాహారం లేదనిపిస్తుంది. దీనికి దూరంగా ఉండండి. ఒకటి, ఊరబెట్టిన నీళ్లలో దాషి ఉండొచ్చు. రెండోది పెద్ద సంగతి: 2014 జూలైలో షిజువోకాలో ఆబె నది బాణసంచా ఉత్సవంలో ఇలాంటి దోసకాయలు తిని 500 మందికి పైగా ఓ157 అనే ఈ-కోలై సోకి జబ్బుపడ్డారు. పచ్చిది, ఉడకనిది, చేతులతో తొక్కు తీసి గంటల తరబడి ఉంచినది, ఈ మూడూ కలిస్తే వేసవిలో ప్రమాదమే. బండి దగ్గర ఎప్పుడూ కళ్లముందు వేడివేడిగా దింపింది తీసుకోండి, ముందే డబ్బాలో పేర్చి పెట్టింది వద్దు. అదీగాక యసాకా మందిరానికి దగ్గరి కుటుంబాలవాళ్లు జూలై నెలంతా దోసకాయ తినరు. అడ్డంగా కోసిన దోస చక్రం మందిరపు ముద్రలా ఉంటుందని.

అడగాల్సిన మాటలు రెండే నేర్చుకోండి. "దాషి హయిత్తె ఇమాస్ కా?" అంటే ఇందులో దాషి ఉందా అని. "కత్సువోబుషి నుకి దె ఒనెగయ్ షిమాస్" అంటే పైన ఆ చేప తురుము వేయకండి అని. మొదటిదానికి జవాబు తడబడితే ఉన్నట్టే అనుకోండి. "వెజిటేరియన్" అనే మాట మీద ఆధారపడకండి. చాలామందికి దానర్థం మాంసం ముక్క లేకపోవడం వరకే.

ధరలు యాకిసోబా, తకోయాకి లాంటివి 500 నుంచి 800 యెన్ల వరకు ఉంటాయి. చిల్లర నాణేలు, వెయ్యి యెన్ల నోట్లు దగ్గర పెట్టుకోండి. చెత్తబుట్టల కోసం వెతుక్కోవద్దు. 15, 16 తేదీల్లో స్వచ్ఛంద కార్యకర్తలు చెత్త వేరుచేసే కేంద్రాలు నడుపుతారు, అక్కడ వేయండి. లేదా సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోండి.

రామునె సోడా బాబుకు తప్పక కొనివ్వండి. మన గోలీ సోడాయే. మూత మీద ఉన్న ప్లాస్టిక్ ముక్క తీసి, సీసాను బల్ల మీద పెట్టి, అరచేత్తో ఆ ముక్కను గోలీ మీద గట్టిగా నొక్కాలి. గోలీ లోపలికి జారాక వెంటనే చెయ్యి తీయకూడదు, ఐదారు సెకన్లు అలాగే అదిమి ఉంచాలి. తీశారంటే నురగంతా బట్టల మీదే. తాగేటప్పుడు మెడ దగ్గరున్న రెండు గుంటలు కిందివైపుకు వచ్చేలా పట్టుకుంటే గోలీ వాటిలో ఆగుతుంది, దారికి అడ్డం రాదు.

పండుగకే ప్రత్యేకమైన తిండి బండ్ల మీద ఉండదు

క్యోటోవాళ్లు గియోన్ మత్సురిని హామో పండుగ అని కూడా అంటారు. హామో అంటే పాములా పొడవుగా ఉండే సముద్రపు చేప. సముద్రానికి దూరంగా ఉన్న క్యోటోకు వేసవిలో ప్రాణంతో చేరగలిగే గట్టి చేప కావడంతో దానికి ఆ స్థానం వచ్చింది. సన్నటి ముళ్లు ఏరడం అసాధ్యం. అందుకే తోలు తెగకుండా, సుమారు 3 సెంటీమీటర్ల నిడివిలో 24 దాకా గాట్లు పెట్టి ముళ్లను లోపలే నుజ్జు చేస్తారు. సలసల కాగే నీళ్లలో ముంచగానే ముక్క తెల్లటి పువ్వులా విచ్చుకుంటుంది, వెంటనే మంచునీళ్లలో వేసి, ఉమె (పుల్లటి జపాను పండు) ముద్దతో వడ్డిస్తారు. మీవారికి ఇది హోటల్లో కూర్చుని తినాల్సిన వంట, బండి మీద వెతకొద్దు.

అత్తగారికి నా మొదటి ఎంపిక షితతారి. కమెహిరోనగా అనే మిఠాయి దుకాణంవాళ్లు నల్లబెల్లం, అగర్‌తో చేసే తేనెరంగు తునక. కికుసుయి హోకో దగ్గర పండుగ రోజుల్లో జరిగే తేనీటి సేవలో దీన్నే పెడతారు. అగర్ సముద్రపు నాచు నుంచి వచ్చేది, జిలెటిన్ కాదు. బెల్లం రుచి కాబట్టి పరాయిగా అనిపించదు. తర్వాత గియోన్ చిగో మోచి: మెత్తటి బియ్యపు ముద్ద లోపల తెల్ల మిసో (పులియబెట్టిన సోయా ముద్ద), పుల్లకు గుచ్చి ఉంటుంది, సంజో వకసయా చేస్తుంది. గ్యోజా మోచి అనేదాన్ని కాషివయా మిత్సుసద జూలై 16 ఒక్కరోజే అమ్ముతుంది, ముందే చెప్పి పెట్టుకోవాలి. మిసోలో సన్‌షో మిరియపు ఘాటు తగులుతుంది. అన్ని చోట్లా గుడ్డు లేదని ఒకసారి అడిగి నిర్ధారించుకోండి. మోచి జాతి మిఠాయిలను పెద్దవాళ్లకు చిన్న ముక్కలు చేసి ఇవ్వండి, గొంతుకు అడ్డం పడే స్వభావం వాటిది.

చిమాకి గురించి ఒక హెచ్చరిక. రథాల దగ్గర వెదురాకులతో కట్టిన సన్నటి కట్టలు అమ్ముతారు, వెయ్యి యెన్లు, ఆపైన. అదే పేరుతో ఆకులో చుట్టిన తినే మిఠాయి కూడా ఉంది కాబట్టి కొత్తవాళ్లు విప్పి చూస్తారు. లోపల ఏమీ ఉండదు, గడ్డి, ఆకులే. అది వీధి గుమ్మం మీద ఏడాది పాటు వేలాడదీసే రక్ష. దారిన పోయే దేవుడికి పేదవాడైన సోమిన్ షోరయ్ ఆశ్రయమిచ్చాడట, అతని వంశాన్ని రోగాలు తాకవని దేవుడు మాటిచ్చాడట. "నేను సోమిన్ షోరయ్ వంశస్థుణ్ణి" అనే చీటీ దాని మీద ఉంటుంది. మీ ఇంటికి ఒకటి తీసుకోండి, మరుసటి ఏడు పాతది తిరిగి ఇచ్చేయొచ్చు. కొన్ని హోకోల దగ్గర ఇది కొంటే పైకి ఎక్కనిస్తారు. నగినాత హోకో మీదికి మాత్రం ఆడవాళ్లను ఎక్కనివ్వరు, వేరేది చూసుకోండి.

యుకాతా

వేసుకోండి, ఎవరూ తప్పుపట్టరు, సంతోషిస్తారు. ఒక్కటి మాత్రం తప్పకూడదు: కుడి అంచు ముందు ఒంటికి చుట్టి, దాని మీదికి ఎడమ అంచు రావాలి. అటుదిటుగా వేస్తే అది శవానికి వేసే పద్ధతి. మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఇదే నియమం. చెక్క చెప్పుల పట్టీ కొత్తలో వేళ్ల మధ్య కోసేస్తుంది, బయల్దేరేముందే పట్టీని చేత్తో లాగి వదులు చేసి, వేళ్ల సందులో బ్యాండేజీ అంటించండి. నడుము దగ్గర పలచటి తువ్వాలు చుట్టుకుంటే చెమటకు ఓబి (నడుం పట్టీ) తడవదు. అద్దెకు తీసుకుంటే మర్నాడు తిరిగిచ్చే ఏర్పాటు ఉందో లేదో అడగండి. చాలా దుకాణాలు సాయంత్రానికే మూసేస్తాయి, దీపాలు వెలిగేది అప్పుడే. అత్తగారికి నూలు చీర చాలు.

బాబుకు ఆటలు: బంగారుచేపలు పట్టే ఆటలో కాగితపు జల్లెడ ఇస్తారు. సగం తడిపితే తడి, పొడి కలిసిన చోట చిరుగుతుంది, అందుకే మొదటే మొత్తం ముంచాలి. ఏటవాలుగా దించి, పైకి తేలిన చేపను అంచు దగ్గరికి తెచ్చి లేపాలి. చేపలను ఇంటికి తెచ్చి పెంచడం మీకు కుదరకపోతే అక్కడే వదిలేయండి. నీళ్ల బుడగల ఆటలో కొక్కేనికి కట్టిన పేడిన కాగితపు తాడు తడవకూడదు, నీళ్లపైకి తేలిన రింగునే పట్టాలి.

ఇంట్లో శాకాహార తకోయాకి

చేయొచ్చు. ఒసాకాలో తకోయాకి పెనం ఎక్కడైనా దొరుకుతుంది. గుంతపొంగనాల పెనం ఉంటే అదీ పనికొస్తుంది.

రసం: లీటరు నీళ్లలో 10 గ్రాముల కొంబు నాచు, మూడు ఎండు షిటాకె పుట్టగొడుగులు రాత్రంతా ఫ్రిజ్‌లో నాననివ్వండి. మర్నాడు సన్నటి మంట మీద పెట్టి, మరిగేలోపే కొంబు తీసేయండి, మరిగితే జిగట, చేదు వస్తాయి.

పిండి: మైదా 100 గ్రాములు, కటకురికో (బంగాళదుంప పిండి) 20 గ్రాములు, ఆ రసం 300 మిల్లీలీటర్లు, తురిమిన నగాయిమో దుంప 50 గ్రాములు, బేకింగ్ పౌడర్ అర టీస్పూను, సోయా సాసు ఒక టీస్పూను, చిటికెడు ఉప్పు. గుడ్డు చేసే పని ఇక్కడ నగాయిమో చేస్తుంది, లోపల మెత్తదనం దానిదే. అరగంట నాననివ్వండి. పిండి దోసెపిండి కన్నా పలచగా, మజ్జిగలా జారాలి. చాలామందికి చెడేది ఇక్కడే: పలచగా ఉందని భయపడి పిండి కలుపుతారు, చివరికి గట్టి పొంగనాలు తయారవుతాయి.

లోపలికి ఎరింగి పుట్టగొడుగు ముక్కలు (సోయా సాసులో వేయించి), స్వీట్‌కార్న్, లేదా పనీరు. ఉల్లికాడలు, ఎర్రటి అల్లం ఊరగాయ సన్నగా తరగండి. దుకాణంలో కొనే తెంకసు, అంటే వేయించిన పిండి పలుకుల్లో రొయ్య, స్క్విడ్ రుచులు ఉంటాయి, అట్ట మీద చదవండి.

పెనం బాగా వేడెక్కాక గుంతలకూ వాటి మధ్య చోటుకూ నూనె ధారాళంగా రాయండి. పిండి గుంత నిండి పొర్లేలా పోయండి, ముక్కలు వేయండి. రెండు మూడు నిమిషాలకు అడుగు గట్టిపడుతుంది. అప్పుడు పుల్లతో గుంతల మధ్య గీతలు గీసి, పొర్లిన పిండిని లోపలికి తోస్తూ సగమే తిప్పండి, తొంభై డిగ్రీలు. లోపలి పచ్చి పిండి కిందికి జారి మిగతా సగం గోళం కడుతుంది. ఇంకో రెండు నిమిషాలాగి పూర్తిగా తిప్పండి. ఆ తర్వాత తరచు తిప్పుతూ మొత్తం ఎనిమిది పది నిమిషాలు. గుంతపొంగనాల పెనంలో గుంతలు దూరంగా ఉంటాయి కాబట్టి పొర్లించే పద్ధతి కుదరదు. సగం తిప్పాక ఏర్పడ్డ ఖాళీలో ఇంకో చెంచా పిండి పోయండి. అంటుకుపోతోందంటే తొందరపడి తిప్పారని, లేదా పెనం వేడి చాలలేదని. ఆగి, గుంత అంచుల్లో నూనె చుక్కలు వేసి మళ్లీ ప్రయత్నించండి.

సాసుకు టొమాటో కెచప్ మూడు చెంచాలు, సోయా సాసు ఒకటి, చక్కెర ఒకటి, చిక్కటి చింతపండు రసం అర చెంచా, మిరియాల పొడి చిటికెడు కలిపి ఒక పొంగు రానివ్వండి. మయొనీజ్‌లో గుడ్డుంటుంది, అత్తగారి పళ్లెంలో వేయకండి. పైన అఒనోరి నాచుపొడి చల్లండి. లోపలి పిండి చాలాసేపు నోరు కాల్చేంత వేడిగా ఉంటుంది, బాబుకు రెండుగా చీల్చి, చల్లారాక పెట్టండి.